విదేశీ సైకిలు యాత్రలో మరమ్మతులు

విదేశీ సైకిలు యాత్రలో మరమ్మతులు అనగా స్వదేశపు ఎల్లలు దాటి సైకిలుపై దూరప్రయాణం చేసేవారు, దారిలో సైకిలు చెడినప్పుడు దానిని చక్కదిద్దుకొనడానికి అనుసరించే పద్ధతులు, ముందుగా చేసుకొనే ఏర్పాట్లు. సైకిలులో కలిగే లోపాలు ఏ దేశంలోనైనా ఒక్కటే. ట్యూబుకు రంధ్రం పడుతుంది, చువ్వ విరుగుతుంది, చైను తెగుతుంది. సొంత ఊరిలో పది నిమిషాలలో తీరే ఈ చిక్కులు పరదేశంలో రోజుల తరబడి నిలిపివేయడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది కొలతల తేడా: అక్కడి దుకాణంలోని టైరు మన చక్రానికి సరిపోకపోవచ్చు. రెండవది దూరం: తరువాతి దుకాణం వందల కిలోమీటర్ల అవతల ఉండవచ్చు. మూడవది కాలపరిమితి: వీసా గడువు, తాగునీరు, చలికాలపు రాక వంటివి యాత్రికుని కోసం ఆగవు. కాబట్టి ఇక్కడ పనిముట్ల నేర్పు ఎంత అవసరమో, తన సైకిలు కొలతలు తెలిసి ఉండడమూ అంతే అవసరం.

చరిత్ర

సైకిలుపై ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి వ్యక్తిగా థామస్ స్టీవెన్స్ ప్రసిద్ధుడు. ఆయన 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, అమెరికా, ఐరోపా, టర్కీ, పర్షియా, భారతదేశం, చైనాల మీదుగా 1886 డిసెంబరు 17న జపానులోని యొకోహామా చేరాడు. ఆయన సైకిలుకు ముందు చక్రం చాలా పెద్దది, వెనుక చక్రం చిన్నది. గేర్లు గాని, చైను గాని లేవు. చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలు మాత్రమే ఉండేవి గనుక పంక్చరు అనే మాటే లేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందిన తరువాత సైకిలు ప్రయాణం సుఖవంతమైంది. దానితోపాటే పంక్చరు కూడా యాత్రికుల నిత్యజీవితంలోకి వచ్చింది.

భారతీయులలో 1923లో బొంబాయి నుండి బయలుదేరిన ఆరుగురు పార్సీ యువకుల బృందం పేర్కొనదగినది. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు యాత్ర పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చారు. కలకత్తాకు చెందిన బిమల్ ముఖర్జీ 1926 నుండి 1937 వరకు సైకిలుపై ప్రపంచయాత్ర చేశాడు.

మరమ్మతుల దృష్టితో చూస్తే ఇద్దరు యాత్రికుల పద్ధతులు గమనించదగినవి. 1963లో ఐర్లండు నుండి భారతదేశానికి వచ్చిన రచయిత్రి డెర్వ్లా మర్ఫీ, ఆసియా రోడ్లకు గేర్ల యంత్రం తట్టుకోదని భావించి బయలుదేరక ముందే దానిని తీసివేయించింది. విడి టైర్లను దారిలోని కొన్ని మజిలీలకు ముందుగానే పంపుకొన్నది. ఇక 1962లో జర్మనీలోని హోవెల్‌హోఫ్ నుండి బయలుదేరిన హైంజ్ స్టూకే సుమారు 50 సంవత్సరాలు యాత్రలో గడిపాడు. ఆయన వృత్తిరీత్యా పనిముట్ల తయారీ నిపుణుడు. దశాబ్దాల పాటు వాడిన మూడు గేర్ల ఉక్కు సైకిలు విరిగినప్పుడల్లా దానికి వెల్డింగు చేయించుకొంటూ ముందుకు సాగాడు. వేర్వేరు కాలాలవారైనా వీరిద్దరూ పాటించిన సూత్రం ఒక్కటే: దారిలో బాగుచేయడానికి వీలున్న వస్తువునే నమ్ముకొనడం, దొరకని వస్తువును ముందుగా సమకూర్చుకొనడం.

కొలతల తేడాలు

టైర్లు

టైరుపై వాడుకలో ఉన్న అంగుళాల కొలత నమ్మదగినది కాదు. ఒకే అంగుళాల పేరుతో రెండు మూడు వేర్వేరు కొలతల టైర్లు ఉన్నాయి. ఈ గందరగోళాన్ని తొలగించడానికి ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. దీని ప్రకారం టైరు ప్రక్కభాగంపై 37-622 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది టైరు అంచు రిమ్ముపై కూర్చొనే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. రెండవ అంకె కలిస్తేనే టైరు చక్రానికి ఎక్కుతుంది. తరచుగా ఎదురయ్యే కొలతలు ఇవి:

* 635 – భారతదేశంలో పాలు, గడ్డిమోపులు మోసే పెద్ద సైకిళ్ళ చక్రం. 28 × 1½ అని వ్రాస్తారు.
* 622 – ఐరోపాలో 28 అంగుళాలు, రోడ్డు సైకిళ్ళలో 700సి, కొండ సైకిళ్ళలో 29 అంగుళాలు. పేర్లు మూడు, కొలత ఒక్కటే.
* 590 – పాత పద్ధతి సైకిళ్ళలో 26 × 1⅜.
* 584 – 26 × 1½, 650బి, 27.5 అంగుళాలు అనే పేర్లతో కనిపిస్తుంది.
* 559 – కొండ సైకిళ్ళ 26 అంగుళాల చక్రం. 26 × 1.75, 26 × 2.0 వంటివి.

ఉదాహరణకు, మన పెద్ద సైకిలుతో జర్మనీ వెళ్ళినవారు అక్కడ 28 అంగుళాల టైరు అడిగితే 622 కొలత టైరు ఇస్తారు. అది మన రిమ్ముకన్నా 13 మి.మీ. చిన్నది గనుక ఎక్కనే ఎక్కదు. అదే విధంగా జర్మనీ యాత్రికుడు మన చిన్న పట్టణంలో 28 అంగుళాల టైరు కొంటే 635 కొలతది దొరుకుతుంది. అది అతని రిమ్ముపై వదులుగా ఉండి, గాలి కొట్టగానే జారిపోతుంది. ట్యూబు విషయంలో ఇంత ఇబ్బంది లేదు. రబ్బరు సాగుతుంది కాబట్టి 622 చక్రపు ట్యూబు 635 చక్రానికి కూడా పనికివస్తుంది.

చాలాకాలం పాటు 559 కొలత ప్రపంచంలో అన్నిచోట్లా దొరికేదిగా పేరుపొందింది. 2010 తరువాతి సంవత్సరాలలో కొత్త కొండ సైకిళ్ళు 584, 622 కొలతలకు మారాయి. అయినా ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని అనేక పట్టణాలలో సాధారణ రకం 559 టైర్లు దొరుకుతూనే ఉన్నాయి.

వాల్వులు

ట్యూబుకు గాలి కొట్టే వాల్వులు ప్రధానంగా మూడు రకాలు.

* డన్‌లప్ వాల్వు: భారతదేశం, నెదర్లాండ్స్, జపాన్ దేశాలలో రోజువారీ సైకిళ్ళకు సాధారణం. పాత రకంలో లోపలి గొట్టంపై సన్నని రబ్బరు తొడుగు ఉంటుంది. మనవద్ద దీనిని వాల్‌ట్యూబు అంటారు.
* ష్రేడర్ వాల్వు: మోటారు వాహనాలకు ఉండేదే. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకొనవచ్చు.
* ప్రెస్టా వాల్వు: సన్నగా, పొడవుగా ఉంటుంది. రోడ్డు సైకిళ్ళకు ఎక్కువ.

ప్రెస్టా వాల్వు కోసం చేసిన రిమ్ము రంధ్రం సన్నది, ష్రేడర్ వాల్వు అందులో దూరదు. ష్రేడర్ రంధ్రంలో మాత్రం చిన్న రబ్బరు రింగు సాయంతో ప్రెస్టా ట్యూబు బిగించవచ్చు. ప్రెస్టా వాల్వును ష్రేడర్ పంపుతో కలిపే చిన్న ఇత్తడి మర ఒకటి దగ్గర ఉంచుకొనడం మేలు. బరువు లెక్కలోకి రాదు, అవసరం మాత్రం తరచుగా వస్తుంది.

చైను, గేర్లు

చైనులో ఒక పిన్నుకు, తరువాతి పిన్నుకు మధ్య దూరం ప్రపంచమంతటా అర అంగుళమే (12.7 మి.మీ.). కాని వెడల్పు మారుతుంది. వెనుక పళ్ళచక్రాల సంఖ్య పెరిగిన కొద్దీ చైను సన్నబడుతుంది. చిన్న పట్టణాలలో 6, 7, 8 పళ్ళచక్రాల సైకిళ్ళకు సరిపోయే చైను దొరకడం సులభం. 11, 12 పళ్ళచక్రాల చైను పెద్ద నగరాలలోనే దొరుకుతుంది.

ముందస్తు ఏర్పాట్లు

ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే సైకిలుకు పూర్తిగా ఓవరాయిలింగ్ చేయించాలి. చివరి రోజున చేయిస్తే కొత్తగా బిగించిన భాగాలలోని లోపాలు పరదేశంలోనే బయటపడతాయి. యాత్రలో మోయబోయే మొత్తం సామానుతో కనీసం ఒక దినం నడిపి చూడాలి. అరిగిన టైర్లు, చైను, బ్రేకు కట్టెలు "ఇంకొన్నాళ్ళు వస్తాయిలే" అని ఉంచుకొనకూడదు.

తరువాత సైకిలు జాతకం ఒకటి వ్రాసి పెట్టుకోవాలి. టైరు కొలత, వాల్వు రకం, ముందు వెనుక చక్రాలలో చువ్వల సంఖ్య, వాటి పొడవు, పళ్ళచక్రాల సంఖ్య, బ్రేకు రకం, చట్రం సంఖ్య అందులో ఉండాలి. వెనుక చక్రంలో కుడి, ఎడమ చువ్వల పొడవులు సాధారణంగా వేరుగా ఉంటాయని మరువరాదు.

వెంట ఉంచుకొనవలసిన కనీస సామగ్రి:

# రెండు విడి ట్యూబులు, అతుకుల పెట్టె, టైరు విప్పే పట్టీలు, గాలిపంపు
# షట్కోణపు తాళాలు, చిన్న పానా, స్క్రూడ్రైవరు
# చైను పిన్ను తీసే పనిముట్టు, తగిన వెడల్పు గల రెండు జోడింపు లంకెలు
# ప్రతి పొడవులోనూ రెండు మూడు చువ్వలు, చువ్వ బిగించే తాళం
# బ్రేకు తీగ, గేరు తీగ, ఒక జత బ్రేకు కట్టెలు లేదా ప్యాడ్లు
# గేరు యంత్రం చట్రానికి తగిలే చోట ఉండే చిన్న కొక్కెం
# 5 మి.మీ. మరల బోల్టులు కొన్ని, ప్లాస్టిక్ కట్లు, సన్నని తీగ, గుడ్డ టేపు

వీటిలో ఆరవది తప్పనిసరి. ఈ కొక్కేల ఆకారాలు వందల రకాలు. ఒక తయారీదారు ఒక నమూనాకు వాడినది మరో నమూనాకు కుదరదు. ఎంత పెద్ద నగరంలోనైనా వెంటనే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

విమానంలో పంపేటప్పుడు పెడళ్ళు విప్పవలసి ఉంటుంది. ఎడమ పెడలుకు మర తిరుగుడు అని గుర్తుంచుకొనాలి. పనిముట్లు సరుకు సంచిలోనే ఉంచాలి. గాలి నింపే కార్బన్ డయాక్సైడు గుళికలకు విమానసంస్థ అనుమతి అవసరం, కొన్ని దేశాలలో అసలు అనుమతించరు. 160 వాట్-అవర్లకు మించిన బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో తీసుకొనిపోనివ్వరు. విద్యుత్ సైకిళ్ళ బ్యాటరీలు చాలావరకు ఈ పరిమితిని దాటుతాయి.

దారిలో కలిగే లోపాలు

పంక్చరు

రంధ్రానికి అతుకు వేయడంకన్నా, రంధ్రం ఎందుకు పడిందో కనుగొనడం ముఖ్యం. ట్యూబుకు రంధ్రం ఎక్కడ ఉన్నదో కారణం కూడా అక్కడే ఉంటుంది.

* బయటివైపు ఒకే రంధ్రం: ముల్లు, మేకు, గాజుపెంకు వంటివి. టైరు లోపలివైపు వేళ్ళతో జాగ్రత్తగా తడిమి, దానిని తీసివేయాలి. లేకున్న కొత్త ట్యూబు కూడా వెంటనే చెడుతుంది.
* ప్రక్క ప్రక్కన రెండు చీలికలు: గాలి తక్కువై, రాయికి గాని గుంత అంచుకు గాని తగిలి ట్యూబు రిమ్ము మధ్య నలిగింది. గాలి ఎక్కువ ఉంచాలి.
* లోపలివైపు, అనగా రిమ్ము వైపు రంధ్రం: చువ్వ తల గుచ్చుకొన్నది. రిమ్ము పట్టీ జరిగినదేమో చూడాలి.
* వాల్వు మొదట్లో చీలిక: ట్యూబు రిమ్ములో జరుగుతున్నది. ఇక్కడ అతుకు నిలవదు, ట్యూబు మార్చాలి.

నీరు అరుదైన ప్రాంతంలో ట్యూబును నీటిలో ముంచి చూడడానికి బదులు, గాలి నింపి పెదవుల వద్ద గాని చెంప వద్ద గాని త్రిప్పితే గాలి తగిలి తెలుస్తుంది. సొల్యూషను పూసిన తరువాత తడి ఆరేవరకు ఆగి అతుకు వేయాలి. తొందరపడితే అతుకు ఊడుతుంది.

టైరే చీలినప్పుడు లోపలివైపు పాత టైరు ముక్క గాని, ఖాళీ పేస్టు ట్యూబు ముక్క గాని, మడిచిన గట్టి కాగితపు నోటు గాని పెట్టి తక్కువ గాలితో తరువాతి ఊరు చేరవచ్చు. ట్యూబు లేని టైర్లు వాడేవారు కూడా ఒక ట్యూబు వెంట ఉంచుకొనాలి. ఆ టైర్లలో పోసే ద్రవం కొన్ని నెలలలో ఎండిపోతుంది.

చువ్వలు

బరువైన సామానుతో వెళ్ళే సైకిలులో చువ్వలు విరిగేది ఎక్కువగా వెనుక చక్రంలో, అందునా చైను ఉండే కుడివైపు. సామాను బరువు వెనుకనే ఎక్కువ. పళ్ళచక్రాలకు చోటివ్వడానికి కుడి చువ్వలను ఎక్కువ బిగువుగా కడతారు. వాటిని మార్చాలంటే పళ్ళచక్రాలను విప్పక తప్పదు, అందుకు ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అది లేనప్పుడు పనికివచ్చేది గట్టి నారతో చేసిన తాత్కాలిక చువ్వ. ఇది తాడువలె వంగుతుంది కాబట్టి పళ్ళచక్రాలు విప్పకుండానే ఎక్కించవచ్చు.

36 చువ్వల చక్రంలో ఒకటి విరిగితే ప్రక్క చువ్వలను కొద్దిగా సడలించి వంకర తగ్గించుకొని నెమ్మదిగా సాగవచ్చు. 20, 24 చువ్వల చక్రం ఒక్కటి విరిగినా చట్రానికి రాచుకొని ఆగిపోవచ్చు. దూరప్రయాణాలకు ఎక్కువ చువ్వల చక్రాలు మేలనడానికి కారణం ఇదే. వెనుక సామాను కొంత ముందుకు మార్చడం కూడా మంచిది.

చైను, గేరు యంత్రం

చైను తెగినప్పుడు చెడిన లంకెలను తీసివేసి జోడింపు లంకెతో కలపాలి. వెనుక గేరు యంత్రమే విరిగిపోతే, చైనును పొట్టిగా చేసి, ఆ యంత్రాన్ని వదిలి నేరుగా ఒకే పళ్ళచక్రంపై బిగించవచ్చు. అప్పుడది గేర్లు లేని సైకిలు అవుతుంది. ఎత్తులలో నడిపించుకొనవలసి వచ్చినా చదునైన దారిలో ఊరు చేరుస్తుంది.

బ్రేకులు

తీగతో పనిచేసే బ్రేకులకు తీగ దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులలో రెండు రకాల ద్రవాలున్నాయి: ఖనిజ నూనె, డాట్ ద్రవం. ఒకటి పోయవలసినచోట మరొకటి పోస్తే లోపలి రబ్బరు భాగాలు చెడి బ్రేకు పనిచేయదు. ఏది దొరికితే అది పోయించుకొనడం ప్రాణాపాయం. తన బ్రేకుకు ఏ ద్రవం కావాలో పై చెప్పిన జాతకంలో వ్రాసుకొనాలి.

చట్రం, సామాను పీట

సామాను పీట బోల్టులు రోజూ రోడ్డు అదురుకు వదులవుతాయి. వారానికొకసారి బిగించుకొంటే పెద్ద నష్టం తప్పుతుంది. ఉక్కు చట్రం చీలితే చిన్న ఊరిలోని వెల్డింగు దుకాణంలో కూడా తాత్కాలికంగా అతికించవచ్చు. గొట్టం గోడ పలుచన గనుక తక్కువ వేడితో చేయమని చెప్పాలి. అల్యూమినియం చట్రానికి వేరే యంత్రం, నైపుణ్యం అవసరం, అతికిన తరువాత కూడా పూర్వపు బలం రాదు. కార్బను చట్రాన్ని దారిలో బాగుచేయడం సాధ్యం కాదు.

ప్రయాణం ఆపవలసిన సందర్భాలు

తాత్కాలిక మరమ్మతు తరువాతి ఊరు చేరడానికే. అయినా కొన్ని లోపాలతో ఆ ఊరివరకు కూడా సైకిలు ఎక్కరాదు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు చీలినా, హ్యాండిలు గాని దాని మెడ గాని పగిలినా, రిమ్ము గోడ విచ్చినా, కొండ దిగువలో ఒక బ్రేకు పనిచేయకపోయినా దిగి నడవాలి లేదా వాహనం ఆపి ఎక్కాలి. ఈ భాగాలు ముందుగా చెప్పి విరగవు. విరిగినప్పుడు సవారీ చేసేవాడు తలక్రిందులుగా పడతాడు. మొత్తం దూరం సైకిలుపైనే పూర్తిచేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

వివిధ దేశాలలో సహాయం

జర్మనీ: సైకిలు దారులు, దుకాణాలు ఎక్కువ. 1979లో ఏర్పడిన సైకిలు సంఘం ఏడీఎఫ్‌సీ దేశమంతటా పనిచేస్తున్నది. మోటారు వాహనదారుల సంఘమైన ఏడీఏసీ 2022 జూన్ నుండి తన సభ్యులకు సైకిలు మరమ్మతు సహాయం కూడా దేశమంతటా అందిస్తున్నది. ప్రాంతీయ రైళ్ళలో టికెట్టు కొని సైకిలును తీసుకుపోవచ్చు.

నెదర్లాండ్స్: దుకాణాలకు కొరత లేదు. ఏఎన్‌డబ్ల్యూబీ సంఘం సభ్యులకు రోడ్డుపైన సైకిలు సహాయం ఉన్నది. రద్దీ వేళలు తప్పించి రైళ్ళలో సైకిలుకు చోటు ఇస్తారు.

ఫ్రాన్సు: ఆదివారంతో పాటు సోమవారం కూడా మూసి ఉండే దుకాణాలు చాలా ఉన్నాయి. శనివారం సాయంత్రం చెడిన సైకిలు మంగళవారం వరకు ఆగవలసి రావచ్చు.

జపాన్: ఇంటింటా సైకిలు ఉండే దేశం గనుక పేటపేటలో మరమ్మతు దుకాణం కనిపిస్తుంది. అయితే అక్కడ సాధారణం డన్‌లప్ వాల్వు. రైలులో తీసుకుపోవాలంటే సైకిలు విప్పి ప్రత్యేకమైన సంచిలో పెట్టాలి. ఒనొమిచి నుండి ఇమబరి వరకు ద్వీపాలను కలుపుతూ సుమారు 70 కి.మీ. సాగే షిమనామి కైడో దారిలో గాలిపంపు, నీరు లభించే విశ్రాంతి స్థలాలున్నాయి.

తజికిస్తాన్: పామీరు రహదారి (ఎం41) యాత్రికులలో ప్రసిద్ధం. ఇందులోని అక్‌బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. ఖొరొగ్, ముర్గాబ్ పట్టణాల మధ్య సుమారు 300 కి.మీ. దారిలో సైకిలు దుకాణం ఉంటుందని ఆశించరాదు. చెడిన సైకిలును లారీ గాని జీపు గాని ఎక్కించుకొని పోవడమే మార్గం. ఎత్తైన చోట రాత్రివేళ చలి తీవ్రం కాబట్టి గుడారం, ఆహారం, నీరు కూడా మరమ్మతు సామగ్రిలో భాగమే అనుకొనాలి.

ఆస్ట్రేలియా: నల్లర్‌బోర్ మైదానం గుండా సెడ్యూనా, నార్స్‌మన్ పట్టణాల మధ్య దూరం సుమారు 1,200 కి.మీ. నడుమ ఉన్నవి ప్రధానంగా ఇంధనం, భోజనం దొరికే మజిలీలే. బల్లడోనియా, కైగునాల మధ్య దాదాపు 180 కి.మీ. వరకు అవి కూడా లేవు. ఇక్కడ విడి టైరు కూడా మోసుకుపోవాలి.

ఇవి కాక, 1993లో మొదలైన వార్మ్‌షవర్స్ అనే ఆతిథ్య బృందంలో సైకిలు యాత్రికులు ఒకరికొకరు బస, సలహా ఇచ్చుకొంటారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని ముందుగా ఫోనులో దించుకొంటే సంకేతం అందని చోట కూడా దుకాణాల జాడ చూడవచ్చు.

భాష, బేరం

భాష రానిచోట చెడిన భాగాన్ని విప్పి చేతిలో పట్టుకొని పోవడం అన్నిటికన్నా సులభమైన మార్గం. టైరుపై అంకెలను కాగితంపై వ్రాసి చూపాలి. అంకెలకు అనువాదం అక్కరలేదు. పని మొదలు పెట్టకముందే ధరను వ్రాయించుకొని అంగీకరించాలి. సైకిలు దుకాణం లేకున్నా మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు బాగుచేసేవారి వద్ద పానాలు, వెల్డింగు యంత్రం, అనుభవం ఉంటాయి. కాని వారు సన్నని మరలకు అలవాటుపడినవారు కారు. మర మొదట వ్రేళ్ళతో త్రిప్పి, సరిగా ఎక్కిన తరువాతే పానా వాడమని సైగతోనైనా తెలపాలి. పని జరుగుతున్నంతసేపు దగ్గరే ఉండి చూడడం మంచిది.

విడిభాగాలు తెప్పించుకొనడం

స్థానికంగా దొరకని భాగాన్ని స్వదేశం నుండి గాని, తయారీదారు నుండి గాని తెప్పించుకొనవచ్చు. దీనికి కొరియరు ఖర్చుతో పాటు దిగుమతి సుంకం, సుంకపు కార్యాలయంలో ఆలస్యం ఉంటాయి. పార్సిలు పంపేముందు వీసాలో మిగిలిన రోజులు లెక్కించాలి. పార్సిలు రాకముందే గడువు ముగిసేలా ఉంటే, బస్సులోనో రైలులోనో పెద్ద నగరానికి లేదా పొరుగు దేశానికి సైకిలును తీసుకుపోయి అక్కడ బాగుచేయించుకొనడం తెలివైన పని. చాలా ప్రయాణ బీమాలు మనిషి వైద్యఖర్చులకే గాని సైకిలు అరుగుదలకు, విరుగుదలకు వర్తించవు. షరతులు ముందే చదువుకొనాలి.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* టైరు
* జాన్ బాయ్డ్ డన్‌లప్
* థామస్ స్టీవెన్స్
* పామీరు రహదారి